బస్సు ఎక్కడిదాకా వచ్చిందండీ

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ముందుగా చెబుతాను. ఫోన్ మోగితే నాకు భయం. చిన్నప్పటి నుంచీ అంతే. అవతల ఎవరున్నారో, ఏమడుగుతారో, నా గొంతు పెగులుతుందో లేదో అని మోగినంతసేపూ చేతులు చల్లబడిపోతాయి. అమ్మకి తెలియదు, స్నేహితురాళ్ళకి తెలియదు. ఎవరికైనా చెబితే నవ్వుతారు కూడా. ఎందుకంటే బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో నేను కొన్నేళ్ళు చేసిన ఉద్యోగం ఫోన్లు ఎత్తడమే.

ఆ కుర్చీకి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి అని పెద్ద పేరుంది. డిగ్రీ అయిపోయి ఇలాంటి కుర్చీల్లోకి వెళ్ళబోతున్న అమ్మాయిలు మీలో ఎవరైనా ఉంటే వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. పనికొచ్చే ఉపాయం ఇందులో దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను. నాకు తోచిన ఉపాయాలన్నీ అక్కడే వాడేశాను.

మాది గుడివాడ. పొద్దున్నే రైలెక్కి బందరు వచ్చేదాన్ని. రైల్లో పుస్తకం చదువుకునేదాన్ని, ఏం చదువుతున్నానో ఎవరూ అడక్కుండా దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి. స్టేషన్లో దిగి స్కూలుకి చేరేసరికి నా బల్ల మీద ఫోన్ మోగుతూ ఉండేది. ఎత్తితే ఒకటే ప్రశ్న. "బస్సు ఎక్కడిదాకా వచ్చిందండీ?"

గదిలో కూర్చున్న నాకేం తెలుసు? "ఒక్క నిమిషం అండీ" అని పెట్టేసి డ్రైవర్‌కి చేసేదాన్ని. ఆయన బస్సు నడుపుతూనే ఎత్తి "గూడూరు దాటామండి" అనేవాడు. ఆ మాట నేను తల్లికి చేరవేసేదాన్ని. చాలామంది తల్లులు నాదాకా కూడా రారు. పిల్లల ఐడీ కార్డు వెనక డ్రైవర్ నంబరు అచ్చు వేసి ఇచ్చేది మా స్కూలే. అడ్మిషన్లప్పుడు అదొక సౌకర్యంగా చెప్పేవాళ్ళు. "మీ బాబు ఎక్కడున్నాడో ఏ నిమిషంలో అయినా కనుక్కోవచ్చండీ" అని.

బస్సుల వెనక ఇంకో విచిత్రం ఉండేది. "నేను జాగ్రత్తగా నడపకపోతే ఈ నంబరుకి ఫిర్యాదు చేయండి" అని రాయించారు. కింద ఆఫీసు నంబరు వేయాలి. పెయింటర్‌కి ఎవరో డ్రైవర్ల నంబర్లు ఇచ్చారు. అంచేత బస్సు వేగంగా పోతోందని వెనక మోటార్‌సైకిల్ మీద వచ్చే మనిషికి కోపం వస్తే, ఆ ఫిర్యాదు కూడా డ్రైవరే బండి నడుపుతూ వినేవాడు. నేను చేరాక ఈ సంగతి గమనించి చెప్పాను. రంగులు వేయించే సెలవుల్లో చూద్దామన్నారు.

గూడూరు వైపు పల్లెలు తిరిగే బస్సు డ్రైవర్‌ది దివిసీమ, మోపిదేవి దగ్గర ఊరు. యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. నేను బాబాయ్ అనేదాన్ని. ఆయనకి ఒక అలవాటు ఉంది. పిల్లల అమ్మానాన్నలు ఎవరు చేసినా రెండో రింగులోపే ఎత్తాలి. ఎత్తకపోతే మర్యాద తక్కువ చేసినట్టు బాధపడేవాడు. "పాపం, వాళ్ళు పిల్లోడి కోసం చేస్తారండి. ఎత్తకపోతే ఏవనుకుంటారు?" అనేవాడు. ఒకసారి ఎత్తలేదని ఒక తండ్రి ప్రిన్సిపాల్‌కి చెప్పాడు. ప్రిన్సిపాల్ ఈయన్ని పిలిచి కూర్చోమనకుండా మాట్లాడింది. ఆ తర్వాత ఇంక ఎత్తకపోవడమన్నది లేదు.

ఆ బస్సులోనే ఆయమ్మ ఉండేది. పిల్లల్ని ఎక్కించి దింపే మనిషి. గిలకలదిండిలో పుట్టి పెరిగింది. గొంతు విప్పితే ఇంజను చప్పుడు వినపడేది కాదు. నన్ను చూస్తే ఆవిడకి సరదా.

"ఏమ్మాయ్, నీ గొంతు ఫోన్లోకెళ్ళేతలికి సగం వైర్లోనే ఆగిపోద్దేంటి?"

"ఇప్పుడు వైర్లు లేవు ఆయమ్మా."

"అదీ సంగతి. అందుకే అసలు రావట్లేదు."

స్కూల్లో ఒకసారి రోడ్డు భద్రత మీద సభ పెట్టారు. ఒక పోలీసు అధికారి వచ్చి ఫోన్ మాట్లాడుతూ బండి నడిపితే ఏమవుతుందో తెర మీద బొమ్మలతో చూపించాడు. మనిషి కళ్ళు రోడ్డు మీదే ఉన్నా మనసు ఫోన్లో ఉంటే ఎదురుగా ఉన్నది కనపడదని చెప్పాడు. తల్లిదండ్రులూ డ్రైవర్లూ అంతా లేచి నిలబడి, ఫోన్ మాట్లాడుతూ బండి నడపబోమని ప్రమాణం చేశారు. నా పక్కనే, వెనక వరసలో, డ్రైవర్లు. అంతా కూర్చుంటుండగా బాబాయ్ జేబులో ఫోన్ మోగింది. అలవాటుగా ఎత్తాడు. "ఆఁ చెప్పండమ్మా." ముందు వరసల్లో ఒకావిడ తల వంచుకుని ఫోన్లో అడుగుతోంది, సభ అయ్యాక బస్సు ఏ గేటు దగ్గర పెడతారని. ఇద్దరూ ఒకే హాల్లో ఉన్నారు. ఇద్దరూ ఇప్పుడే ప్రమాణం చేశారు. నేనది ఆ రాత్రి డైరీలో తమాషాగా రాసుకున్నాను. అప్పటికది తమాషాగానే అనిపించింది.

కానీ ఆ సభ తర్వాత ఆయన బస్సు కళ్ళ ముందు మెదలడం మొదలైంది. కాలువ గట్టు మీద రోడ్డు, ఒక చేత్తో స్టీరింగు, వెనక నలభై మంది పిల్లలు. అందులో నేను చేసే ఫోన్లు కూడా ఉన్నాయి. ఆలోచించి ఆలోచించి నాలాంటి దానికే తట్టే పద్ధతి ఒకటి కనిపెట్టాను. మాట్లాడే పని లేని పద్ధతి. బస్సు బయల్దేరేముందు డ్రైవర్ ఫోన్ ఆపేసి ఆయమ్మ సంచిలో వేయాలి. ఒక్కో ఊరు దాటగానే ఆయమ్మ నాకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. మొదటిది మొదటి ఊరు, రెండోది రెండో ఊరు. ఎవరూ ఎత్తక్కర్లేదు. తల్లిదండ్రులు నాకు చేస్తే నేను లెక్క చూసి చెబుతాను.

బాబాయ్ మొదట ఒప్పుకోలేదు. "అమ్మగార్లు ఏవనుకుంటారో" అన్నాడు. ఆయమ్మ ఆయన జేబులోంచి ఫోన్ తీసి సంచిలో పడేసింది. "అనుకోనీ. నువ్వు రోడ్డు చూడు. అమ్మగార్లని నే చూసుకుంటా."

కొన్ని వారాలు అది బ్రహ్మాండంగా నడిచింది. ఆయమ్మ మిస్డ్ కాల్ వస్తే నాకు భయం వేసేది కాదు. ఒక్క రింగు, ఆగిపోయేది. నా జీవితంలో నేను ప్రేమించిన ఫోన్ చప్పుడు అదొక్కటే. పొద్దున్న ఆఖరి రింగు వచ్చిన కాసేపటికి కిటికీలోంచి చూస్తే బస్సు గేటులోకి తిరుగుతూ ఉండేది. బాబాయ్ కూడా మారాడు. "ఇన్నేళ్ళుగా ఆ రోడ్డెమ్మట తిరుగుతున్నానా, కాలవ్వార అన్ని కొంగలుంటాయని ఇప్పుడే చూశానండి" అన్నాడొకరోజు.

అయితే మా తల్లిదండ్రులకి కావలసింది సమాచారం కాదు, డ్రైవర్ గొంతు. నా లైను బిజీగా ఉందని ఒకరు, ఆ అమ్మాయి మాట వినపడదని ఒకరు ఫిర్యాదు చేశారు. రొయ్యల చెరువులున్న ఒకాయన నేరుగా ఆఫీసుకే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మా వోడు బస్సెక్కాడో లేదో డ్రైవర్ని అడగటానికి నీ పర్మిషన్ కావాలా అమ్మా?"

"పర్మిషన్ కాదండీ. ఆయన బండి నడుపుతుంటాడు కదా అని..."

"నేను కారు నడుపుతా రోజుకి పాతిక ఫోన్లు మాట్టాడతా. నాకేవన్నా అయిందా? నీ ఎదురుగా ఉన్నాను కదా."

బతికున్నవాళ్ళే వచ్చి ఆ మాట అంటారు. పోయినవాళ్ళు రారు.

ఒక వానరోజు సాయంత్రం బస్సు టైరు పంచరై ఊళ్ళకి గంట ఆలస్యంగా చేరింది. ఆయమ్మ ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. బాబాయ్ ఫోన్ ఆపేసి సంచిలో ఉంది. పంచరు వేయించే కంగారులో దాన్ని తీసి ఆన్ చేయాలని ఎవరికీ తట్టలేదు. మర్నాడు పొద్దున్న ఇరవై మంది తల్లిదండ్రులు కరస్పాండెంట్ గదిలో ఉన్నారు. పిల్లలకి ఏమీ కాలేదు, తడవను కూడా లేదు. అయినా ఒకావిడ ఏడ్చింది. ఆ గంటసేపు ఆవిడ పడ్డ నరకం అబద్ధం కాదు. నాకు ఇప్పటికీ ఆవిడ మీద కోపం లేదు.

నన్ను లోపలికి పిలిచారు. డ్రైవర్ల ఫోన్లు డ్రైవర్ల దగ్గరే ఉండాలని అప్పటికే అనేసుకున్నారు. నేను ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను. "ఫోన్లు ఇచ్చినా, బండి ఆపి ఉన్నప్పుడే ఎత్తమని చెప్పండి సార్."

"ఏమన్నావమ్మా? వినపడలేదు."

మళ్ళీ చెప్పాను. ఈసారి అందరికీ వినపడింది. కరస్పాండెంట్ గారు నవ్వి, "ఎత్తాలా వద్దా అన్నది వాళ్ళకి అనుభవం ఉంటుందమ్మా" అన్నాడు. గదిలో అందరూ తలూపారు. అంతటితో అయిపోయింది.

ఆయమ్మ మాత్రం మిస్డ్ కాల్స్ మానలేదు. ఎందుకిస్తున్నావు ఇంకా అంటే, "ఊరికే. నువ్వొక్కదానివే కూచుని ఉంటావు కదా" అంది.

కోతలయ్యాక మా వైపు ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. కళ్ళాలు ఎక్కడున్నాయి ఇప్పుడు? తారు రోడ్డు వేడికి తొందరగా ఆరుతుంది. సగం రోడ్డు ధాన్యం, అంచున బండలూ రాళ్ళూ వరసగా పెడతారు, బండ్లు ఎక్కకుండా. మిగిలిన సగంలో వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ సర్దుకోవాలి. గూడూరు వైపు నుంచి వస్తుంటే ఆ రోడ్డుకి ఎడమ పక్క కాలువ. ధాన్యం కుడి పక్క. కాబట్టి బందరు వచ్చే బస్సు కాలువ అంచునే రావాలి. అందరికీ తెలిసిన సంగతే. ఏటా అలాగే వస్తారు.

ఆ పొద్దున్న నాకు మొదటి రింగు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది రాలేదు.

మూడో ఊళ్ళో ఒక తల్లి పాపకి జడలు వేస్తోంది. ఒక జడ అయింది. రెండో జడ వేసేలోపు బస్సు వస్తుందో రాదో తెలియక బాబాయ్‌కి ఫోన్ చేసింది. అంతే. ఆవిడెవరో నాకు తెలుసు. ఎప్పటికీ రాయను. ఆ పొద్దున్న ఆవిడ, ఇంకో పొద్దున్న ఇంకొకరు. ఎవరి పేరు రాసినా ఒకటే.

బాబాయ్ రెండో రింగులోపే ఎత్తాడు. "ఆఁ చెప్పండమ్మా, వచ్చేశా" అన్నాడట. ముందు చక్రం రాయెక్కి ధాన్యం మీద జారింది. ఆయన ఉన్న ఒక్క చేత్తో ఎడమకి లాగాడు. బస్సు గట్టు దిగి కాలువలోకి ఒరిగింది. తలుపున్న వైపు కిందికి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా నా బల్ల మీది ఫోన్. "బస్సింకా రాలేదేంటండీ?" అని ఒకరు. మళ్ళీ ఒకరు. తర్వాత ఎవరో అరుస్తూ, మాట అర్థం కాకుండా. ఆ ఊరి నుంచి ఎవరో ఫోన్ చేసి సంగతి చెబితే మా అకౌంటెంట్ మోటార్‌సైకిల్ తీశాడు. నేను వెనక కూర్చున్నాను. బందరు దాటామో లేదో ఆయన ఫోన్ మోగింది. మెడ వంచి, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, బండి ఆపకుండానే మాట్లాడాడు. "అక్కడికే వెళ్తున్నాం సార్. యాక్సిడెంట్ దగ్గరికే సార్. ఆఁ, ఫోన్ మాట్లాడుతున్నాడంట సార్." ఎదురుగా వస్తున్న లారీ హారన్ కొట్టింది. నేను ఆయన చొక్కా పట్టుకుని లాగి, "ఆపండి" అన్నాను. "ఒక్క నిమిషం, కరస్పాండెంట్ గారు" అన్నాడు నాతో, చేతితో ఆగమన్నట్టు సైగ చేస్తూ. ఆ చెయ్యి కూడా హ్యాండిల్ మీద నుంచి తీసిందే.

మేం వెళ్ళేసరికి పిల్లలంతా బయట ఉన్నారు. ధాన్యం తిరగేస్తున్న కూలీలు పారలు వదిలేసి దూకి, పై వైపు కిటికీల్లోంచి ఒక్కొక్కరినీ లాగి, ఆ ధాన్యం మీదే కూర్చోబెట్టారు. చెప్పుల్లేకుండా, బురద యూనిఫారాలతో, గింజలు ఒంటికి అంటుకుని, ఏడవడం కూడా మర్చిపోయి కూర్చున్నారు. కొందరికి చేతులు విరిగాయి. పిల్లల్లో ప్రాణానికి ఎవరికీ ఏమీ కాలేదు. చెయ్యి విరిగిన బాబాయ్‌ని అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. టీచర్లు లెక్కపెట్టారు. తల్లిదండ్రులు లెక్కపెట్టారు. పోలీసులు వచ్చి మళ్ళీ లెక్కపెట్టారు. సరిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒకాయన అక్కడే రోడ్డు మీద కూర్చుని దండం పెట్టుకున్నాడు.

"ఆయమ్మ ఏది?" అని నేనే అడిగాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

మూడో ఊరు వస్తోందని ఆవిడ అప్పటికే లేచి తలుపు దగ్గర నిలబడింది. ఆవిడ బస్సు కిందే ఉండిపోయింది. క్రేన్ వచ్చేదాకా తీయలేకపోయారు. నీళ్ళు మోకాలి లోతే.

క్రేన్ కోసం ఎదురుచూస్తున్నంతసేపూ బస్సులో ఎక్కడో బాబాయ్ ఫోన్ మోగుతూనే ఉంది. మోగి ఆగి మళ్ళీ మోగుతోంది. ముందున్న ఊళ్ళ వాళ్ళకి ఇంకా కబురందలేదు. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కుంటున్నారు.

స్కూల్లో సంతాప సభ పెట్టారు. ఆయమ్మ ఫొటో దొరక్కపోతే స్కూల్ యానివర్సరీ నాటి గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేయించారు. ఆవిడ భుజం మీద ఎవరిదో పిల్లవాడి చెయ్యి అలాగే ఉండిపోయింది. జడలు వేసిన తల్లి కూడా వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు, పూలు పెట్టి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు డ్రైవర్ గురించి మాట్లాడుకున్నారు. "ఫోన్లో మాట్లాడతా నడిపాడంటండీ. ఏం మనుషులండీ. పసిపిల్లల్ని పెట్టుకుని." రొయ్యల చెరువుల ఆయన అందరికన్నా గట్టిగా అన్నాడు. అంటూ అంటూనే ఫోన్ వస్తే ఎత్తి, మాట్లాడుకుంటూ కారెక్కి, తలుపు వేసుకుని, మాట్లాడుకుంటూనే గేటు దాటాడు.

తర్వాతి సోమవారం ఆ రూటుకి కొత్త డ్రైవర్ వచ్చాడు. మధ్యాహ్నానికల్లా ఆయన నంబరు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మర్నాడు నా ఫోన్ మోగింది. ఎత్తాను. అదే ప్రశ్న. కొత్త డ్రైవర్‌కి చేయడానికి నా వేలు అలవాటుగా నంబరు మీదికి వెళ్ళింది. ఆపుకున్నాను. "తెలియదండీ" అన్నాను. "కనుక్కుని చెప్పడానికే కదా మిమ్మల్ని పెట్టింది" అందావిడ. నిజమే.

ఆ నెలాఖరుకి మానేశాను. నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి నాకన్నా చురుకైనది. పని చెబుతూ, "బస్సు నడుస్తున్నప్పుడు డ్రైవర్‌కి చేయకు" అని చెప్పాను. "మరి అడిగితే ఏం చెప్పాలి అక్కా?" అంది. నేను ఇప్పటికీ ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాను. చట్టం ఉంది. జరిమానా ఉంది. పోలీసాయన బొమ్మలున్నాయి. వాటికి నేను వ్యతిరేకం కాదు, ఇంకా ఎక్కువ ఉండాలనే అంటాను. కానీ వాటన్నిటి గురి స్టీరింగు పట్టుకున్నవాడి మీదే. అవతల, ఇంట్లో, ప్రేమతో నంబరు నొక్కే వేలికి ఏ జరిమానా వేస్తారు? పిల్లల క్షేమం కోసమే చేస్తున్నానని నమ్మే మనిషిని ఎలా ఆపాలో నాకు తెలియలేదు. ఆయమ్మ పోయాక కూడా వాళ్ళకి తెలియలేదంటే ఇంకెప్పుడు తెలుస్తుందో ఊహించలేను.

బెయిలు మీద వచ్చాడని తెలిసి, బాబాయ్‌ని చూడటానికి ఒక రోజు మోపిదేవి బస్సెక్కాను. గుడి దగ్గర దిగి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఎడమ చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చి, "మీరన్నా వచ్చారు" అని లోపలికి వెళ్ళిపోయింది. మజ్జిగ తాగి గ్లాసు మంచం కింద పెట్టాను.

"ఆయమ్మ కొడుకు గిలకలదిండిలోనే ఉంటాడు. వెళ్ళొచ్చానండి" అన్నాడు. "కొడతాడనుకున్నా. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు."

నేను తలూపాను. కేసు ఎప్పటికి తేలుతుందో అడిగాను. తెలియదన్నాడు. లైసెన్సు ఇక రాదన్నాడు. వచ్చినా నడపనన్నాడు. చెరువు కాపలాకి రమ్మని ఎవరో అన్నారట. ఆ రోజు ఫోన్ ఎత్తకుండా ఉంటే, అని నేను అనలేదు. ఆయన మొహం చూస్తే ఆ మాట ఇప్పటికి ఎంతమంది ఆయనతో అనేశారో తెలుస్తూనే ఉంది.

లేచాను. గేటుదాకా వచ్చాడు. ఆటో కోసం చూస్తూ నిలబడ్డాం. అప్పుడు అన్నాడు, నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ, కోపమేమీ లేకుండా, దారి చెబుతున్నంత మామూలుగా:

"ఎత్తకుండా ఉండాల్సిందని అందరూ అంటన్నారమ్మా. ఎత్తకపోతే ఆ తల్లి మళ్ళీ చేసుద్ది. అప్పుడూ ఎత్తకపోతే మీకు చేసుద్ది. మీరు నాకు చేస్తారు."